వంతు మారని వసంతం

లింజ్ దగ్గర, 22 మార్చి 2020

సవేతా,

ఈపాటికి నువ్విక్కడ నీ గళ్ళ చెప్పులు తొడుక్కుని, గిన్నెలన్నీ తప్పు అరల్లో సర్దానని నా మీద సణుగుతూ ఉండాలి. నేనేమో గ్రుయా వ్యానులో కూర్చుని, వాడి పాటలు తప్పించుకోవడానికి నిద్ర నటిస్తూ ఉండాలి. సంచి సర్దుకుని, కోటు వేసుకుని, పొద్దున్నుంచి కిటికీ దగ్గరే నిలబడ్డాను. చివరికి గ్రుయా ఫోన్ చేశాడు. "అక్కా, హంగరీ వాళ్ళు దారి మూసేశారు. నన్ను వెనక్కి తిప్పేశారు. సవేతని ఇంటి దగ్గర దింపేశా. మళ్ళీ ఎప్పుడని అడక్కు, నాకు ఎవడూ చెప్పట్లేదు" అన్నాడు. కోటు విప్పి మళ్ళీ చిలక్కొయ్యకి తగిలించాను.

నీ ఫోన్ పాలబకెట్లో పడిందట కదా! ఇలింకా వేసిందని గ్రుయా చెప్పాడు. పిల్లని కొట్టకు. త్వరగా బాగు చేయించు. అందాకా ఉత్తరాలే గతి. అదీ మంచిదేలే. ఫోన్లో అయితే అమ్మ నీ చేతిలోంచి లాక్కుని కోళ్ళ సంగతి మొదలెడుతుంది. అసలు మనిద్దరం ఎప్పుడు సరిగ్గా మాట్లాడుకున్నాం గనక? మా తమ్ముడు నిన్నొదిలి స్పెయిన్ పోయి దారి మరిచిపోయినప్పటి నుంచీ ఇదే బతుకు. ఒక నెల నేనిక్కడ హెర్మీన్ గారిని లేపి కూర్చోబెడుతుంటే నువ్వక్కడ మా అమ్మని చూస్తావు. ఇంకో నెల నువ్విక్కడుంటే నేనక్కడ నీ పిల్లకి జడ వేస్తాను. రెండు ఇళ్ళలోనూ ఒకే మంచం, ఒకే దుప్పటి. కలిసేది మాత్రం ఇక్కడి గుమ్మంలో, గ్రుయా కాఫీ తాగేంతసేపు. ఆ కాస్తలోనే నువ్వు ఏదో ఒకటి అని నా మూడ్ పాడు చేసి పంపిస్తావు.

అమ్మకి ఒంట్లో నీరు పోయే మాత్ర పొద్దున్నే ఇవ్వాలి. ఉప్పు వద్దన్నాడు డాక్టరు. ఆవిడ ఉప్పు డబ్బా ఎక్కడ దాస్తుందో నీకు తెలియదు. దిండు కింద చూడు.

హెర్మీన్ గారు నిన్నడిగింది. అడిగింది నిన్ను కాదులే, నువ్వు చేసే ఆపిల్ రొట్టెని.

నీ వదిన,
పెర్సిదా


మన ఊరు, 5 ఏప్రిల్

వదినా,

ఉప్పు డబ్బా దిండు కింద లేదు. పరుపు కింద ఉంది. నువ్వనుకున్న దానికంటే మీ అమ్మ తెలివైనవారు.

ఫోన్ బాగుచేసే కొట్టు మూసేశారు. అది అత్యవసరం కాదట. సారా కొట్టు మాత్రం తెరిచే ఉంది. పక్కింటి అనూకా కొడుకు ఇటలీ నుంచి రావడంతో వాళ్ళ గేటుకి క్వారంటైన్ కాగితం అంటించారు. అందుకని ఆవిడ ఫోనూ అడగలేను. నా సంచి గుమ్మం దగ్గరే ఉంది. గ్రుయా ఎప్పుడు హారన్ కొడితే అప్పుడు ఎక్కేస్తాను. పిల్ల రోజూ దాని మీద కూర్చుని గుర్రం ఆడుతోంది.

ఇక్కడ బయట అడుగు పెట్టాలంటే ఎందుకు వెళ్తున్నామో మన చేత్తో మనమే కాగితం రాసి జేబులో పెట్టుకోవాలి. పెద్దవాళ్ళకైతే పదకొండు నుంచి ఒంటిగంట దాకానే. అత్తయ్యకి ఇది అర్థం కాదు. అర్థమైనా అర్థం కానట్టు ఉంటారు. మొన్న తెల్లారుజామునే ఆవుని తోలుకుని రోడ్డెక్కారు. చెక్‌పోస్టు దగ్గర పోలీసు ఆపాడు. "అమ్మా, మీ టైము పదకొండుకి కదా" అన్నాడు. "నాకు చెప్పడం దేనికి నాయనా, ఆవుకి చెప్పు. అది ఒప్పుకుంటే నేనూ ఆగుతా" అన్నారు. అతను నవ్వి పంపేశాడు. నేను మాత్రం భయపడి చచ్చాను.

ఇంకో సంగతి. నీకు చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. అత్తయ్య తన పొమానా, తన చావుభోజనం, తనే పెట్టుకుంటారట. ఈస్టర్ వెళ్ళిన వారం. బతికుండగానే! "నేను పోయాక మీరు పెట్టే తిండి నాకు తెలుసు. సవేతా ఉప్పు వెయ్యదు, పెర్సిదా ఇంటికొకటి లెక్కపెట్టి పంచుతుంది. అవతల నేనేం తినాలి? నా చేత్తో పెట్టుకుంటే అవతల నాకు పుష్కలంగా ఉంటుంది" అన్నారు. కొత్త దుప్పటి, పింగాణీ పళ్ళేలు, మైనపు వత్తులు అన్నీ బయటికి తీశారు. ఊళ్ళో చాలామంది ముసలివాళ్ళు అలా పెట్టుకున్నవాళ్ళే కదా, నేనేం అనగలను? కాళ్ళు మాత్రం బాగా వాచాయి. చీలమండ దాటింది వాపు.

వాల్టర్ గారు గ్రుయాకి ఫోన్ చేసి, వాళ్ళమ్మ హెర్మీన్ గారికి నువ్వే బాగా అలవాటయ్యావు, ఇక నువ్వే ఉండిపోతే బాగుండునని అన్నాడట. అలా అయితే చెప్పేయ్ వదినా. నా చెప్పులు పార్సిల్ చేసి పంపించు చాలు.

సవేతా


లింజ్ దగ్గర, 14 ఏప్రిల్

సవేతా,

నీ చెప్పులు నేను పంపను. నువ్వే వచ్చి వేసుకో. వాల్టర్ వియన్నాలో కూర్చుని వంద అంటాడు. నేను వెళ్ళిపోతే వాళ్ళమ్మని వృద్ధాశ్రమంలో పెట్టాలి, అక్కడ రోజుకొకరు పోతున్నారని పేపర్లో రాస్తున్నారు, అందుకని నా కాళ్ళు పట్టుకున్నంత పని చేస్తున్నాడు. "పెర్సిదా గారూ, మీరు అత్యవసర సేవల మనిషి" అంటాడు. అత్యవసరం అంటే ఇక్కడ కదలకూడదని అర్థం కాబోలు. నిన్న సాయంత్రం వీధిలో జనం కిటికీల్లోంచి చప్పట్లు కొట్టారు. "నీకే కొడుతున్నారు" అంది హెర్మీన్ గారు. నేనప్పుడు ఆవిడ బెడ్‌పాన్ పట్టుకుని నిలబడి ఉన్నాను.

నాకిక్కడ కాలు నిలవడం లేదు. తుడిచిన నేలే మళ్ళీ తుడుస్తున్నాను. ఆవిడ విసుక్కుని "కూర్చో, తల తిరుగుతోంది నాకు" అంటుంది. కూర్చుంటే అమ్మ కాళ్ళే కళ్ళ ముందుకొస్తున్నాయి. వాపు చీలమండ దాటితే నీళ్ళు పైకెక్కుతున్నట్టే. నాన్నకీ అలాగే మొదలైంది. డాక్టర్ని పిలిచావా? పిలవకుండా పళ్ళేలు తోముతూ కూర్చున్నావా?

పొమానా గురించి గట్టిగా చెప్తున్నాను. నేను లేకుండా పెట్టుకోవడానికి వీల్లేదు. మొదటి పళ్ళెం కూతురు చేతికి ఇవ్వాలి, అది పద్ధతి. నేను వచ్చేదాకా ఆగమని చెప్పు. ఆగుతానని ఒట్టు వేయించు. నువ్వు రావడానికి ఏం ప్రయత్నం చేస్తున్నావో కూడా రాయి. సంచి గుమ్మం దగ్గర పెట్టినంత మాత్రాన బండి రాదు. ఊరికే కూర్చున్నావేమో అని నాకు అనుమానంగా ఉంది.

పెర్సిదా


లింజ్ దగ్గర, 27 ఏప్రిల్

సవేతా,

నువ్వసలు మనిషివేనా?

నిన్న గ్రుయా ఫోన్ చేశాడు. "అక్కా, మీ అమ్మ పొమానా తిన్నా. క్యాబేజీ చుట్టలు అమృతంలా ఉన్నాయి, దేవుడు అంగీకరించుగాక" అన్నాడు. పొమానా ఏంట్రా అని అడగబోయాను. అంతలో లైను తెగింది. మళ్ళీ చేస్తే స్విచాఫ్. అనూకా నంబరు నా దగ్గర లేదు. రాత్రంతా గోడకి ఆనుకుని కూర్చున్నాను. హెర్మీన్ గారు పిలుస్తున్నా లేవలేదు.

నేను వచ్చేదాకా పొమానా పెట్టొద్దని రాశాను. నా మాట అమ్మ ఎప్పుడూ జవదాటలేదు. అంటే అమ్మ పోయింది. నువ్వు పాతిపెట్టి, అన్నాలు కూడా పెట్టేశావు. వ్యాను డ్రైవరుకి కబురు అందింది, కన్నకూతురికి అందలేదు. ఎప్పుడు పోయింది? చివరికి ఏమంది? ఇవి అడిగి తెలుసుకోవాల్సిన గతి పట్టించావు నాకు.

పెర్సిదా


మన ఊరు, 5 మే

వదినా,

నీ ఉత్తరం చదివి అనూకా ఇంటికి పరిగెత్తాను. వాళ్ళ గేటు కాగితం తీసేశారులే. ఫోన్ పట్టుకొచ్చి అత్తయ్యకి ఇస్తే, నువ్వు ఆవిడ గొంతు విని, "అమ్మా" అని, ఏడ్చి, పెట్టేశావు. నన్నొక్క మాట మాట్లాడనివ్వలేదు. అందుకే రాస్తున్నాను. తిట్లు తిన్నదాన్ని, నా వైపు కూడా విను.

నేను ఆగమన్నాను. నీ ఉత్తరం చదివి వినిపించాను. "అది నా మాట వినదు, నేను దాని మాట వినాలా?" అన్నారు. జవదాటలేదట! వదినా, ఆవిడ నీ మాట ఎప్పుడు విన్నారో నాకు చూపించు.

జనం గుమిగూడకూడదు కాబట్టి బల్లలు వెయ్యలేదు. ఎవరి గేటు దగ్గర వాళ్ళని నిలబడమన్నారు. అత్తయ్యని కుర్చీలో కంచె దగ్గర కూర్చోబెట్టాను. గడ్డి లాగే పొడుగు పళ్ళకర్ర ఉంది కదా, దానికి బుట్ట కట్టాం. బుట్టలో పళ్ళెం, పళ్ళెంలో క్యాబేజీ చుట్టలు, జడ రొట్టె, వెలిగించిన వత్తి. ఆవిడ చెయ్యి పెట్టి దీవించడం, నేను కర్ర చాచడం. అవతలి వాళ్ళు అందుకుని "దేవుడు అంగీకరించుగాక" అనడం. అనూకా పళ్ళెం దగ్గర గాలికి వత్తి వాలి బుట్ట అంటుకుంది. అనూకా తన ముక్కుకి కట్టుకున్న గుడ్డతోనే ఆర్పింది.

సరిగ్గా అప్పుడే ఆ ఆవు పోలీసు వచ్చాడు. "అమ్మా, ఇది సభ కిందికి వస్తుంది" అన్నాడు. "సభ ఏంటయ్యా, నా చావుభోజనం. నువ్వూ తిను" అని వాడి ముందుకి కర్ర చాపించారు. పొమానా పళ్ళెం కాదంటే ఎంత పాపం! వాడు అటూ ఇటూ చూసి, టోపీ తీసి అందుకున్నాడు. కేసు రాయలేదు.

మొదటి పళ్ళెం ఎవరికీ ఇవ్వలేదు. నీ పేరు చెప్పి అలమారలో పెట్టారు. కూరా రొట్టె పాడయ్యాయి, నేనే పారేశాను. పళ్ళెం నీకోసం ఉంది.

తను పోయారనుకుని నువ్వు ఏడ్చావని చెప్తే ఆవిడ మొహం వెలిగిపోయింది. "బాగా ఏడ్చిందా? గట్టిగానా?" అని నాలుగుసార్లు అడిగారు.

ఇప్పుడు అసలు సంగతి. వాపు మోకాళ్ళ దాకా వచ్చింది. డాక్టరు ఫోన్లో విని మాత్రలు పెంచమన్నాడు, ఇంటికి రాడట, ఆసుపత్రికి తేవద్దంటున్నాడు. రాత్రిళ్ళు కూర్చునే నిద్రపోతున్నారు. నువ్వు రావాలి. మనలాంటి వాళ్ళ కోసం తిమిషోరా నుంచి వియన్నాకి ప్రత్యేక రైలు వేస్తారని గ్రుయా చెప్పాడు. నా పేరు రాయించాను. ఊరికే కూర్చోలేదు.

సవేతా


లింజ్ దగ్గర, 13 మే

సవేతా, నా బంగారు తల్లీ,

గ్రుయా చెప్పాడు, నీ పేరు వచ్చిందట! ఇరవై మూడు సాయంత్రం రైలు, మర్నాడు పొద్దున్నే ఇక్కడ. వాల్టర్ స్వయంగా కారు తీసుకుని స్టేషన్‌కి వస్తానన్నాడు. నిన్ను గుమ్మంలో చూడగానే నేను బయల్దేరతాను. అదే వారం వెనక్కి వెళ్ళే బస్సొకటి ఉంది.

అక్కడికి వచ్చాక రెండు వారాలు నన్ను స్కూలు హాస్టల్లో పెడతారు. ఆ రెండు వారాలు అమ్మ దగ్గరా పిల్ల దగ్గరా అనూకా ఉంటుంది, మాట్లాడేశాను. హాస్టలు కిటికీలోంచి మన కొండ కనిపిస్తుంది. అమ్మని ఆ రెండు వారాలు ఓపిక పట్టమను. ఉప్పు కావాలంటే కొంచెం ఇవ్వు. ఇప్పుడింక దేనికి ఆ పథ్యం? ఏం అడిగితే అది పెట్టు.

ఊరికే కూర్చున్నావని రాశాను కదా. అది మనసులో పెట్టుకోకు. ఇక్కడ నాలుగు గోడల మధ్య నా బుర్ర పనిచేయడం లేదు. హెర్మీన్ గారు కూడా నీ కోసం ఎదురుచూస్తోంది. ఆపిల్స్ తెప్పించింది.

రైలెక్కాక ఎవరి ఫోన్ నుంచైనా ఒక్క మాట చెప్పు.

వదిన


లింజ్ దగ్గర, 25 మే

సవేతా,

రైలు వచ్చింది. వాల్టర్ నీ పేరు రాసిన అట్ట పట్టుకుని అందరూ దిగేదాకా నిలబడ్డాడు. అందరూ దిగారు. నీ వయసు వాళ్ళు దిగారు, నా వయసు వాళ్ళు దిగారు. నువ్వు దిగలేదు.

అనూకా ఫోన్ ఎత్తదు. గ్రుయా "ఉత్తరం వస్తుంది అక్కా" అని పెట్టేశాడు. అందరూ ఒకటయ్యారన్నమాట. భయపడ్డావా? లేక ఆ ఇంట్లో నీకు బాగా కుదిరిపోయిందా? మా అమ్మ, మా ఇల్లు, మా ఆవు, అన్నీ నీ చేతిలో ఉన్నాయి. నేనిక్కడ పరాయి ముసలమ్మకి గోళ్ళు తీస్తూ ఉంటే నీకేం నష్టం?

మా తమ్ముడు నిన్నెందుకు వదిలిపోయాడా అని ఇన్నేళ్ళూ వాడినే తిట్టాను. ఇప్పుడు తెలిసింది.

బస్సు ఎల్లుండి వెళ్ళిపోతుంది. నేను లేకుండా.

పెర్సిదా


మన ఊరు, 26 మే

వదినా,

కూర్చుని చదువు. హెర్మీన్ గారికి ముందు అన్నం పెట్టేసి చదువు.

అత్తయ్య పోయారు. ఇరవై మూడున, సాయంత్రం. నిన్న పాతిపెట్టాం. పూజారితో కలిపి ఎనిమిది మందిని రానిచ్చారు. మిగతా ఊరంతా ఎవరి గేట్ల దగ్గర వాళ్ళు వత్తులు పట్టుకుని నిలబడ్డారు. ఈ కబురు నీకు గ్రుయా నోటి నుంచి రాకూడదని వాడి చేత ఒట్టు వేయించాను. అనూకాని ఫోన్ ఎత్తొద్దన్నాను. పోయినసారి ఒక్క మాటతో నిన్ను చంపేశాడు కదా వాడు.

ఆ పొద్దున గ్రుయా వ్యాను గేటు ముందే ఉంది. అనూకా వచ్చింది. పిల్లకి ముద్దు పెట్టాను. కోటు వేసుకుని, సంచి భుజాన తగిలించుకుని, వెళ్ళొస్తానని చెప్పడానికి అత్తయ్య గదిలోకి వెళ్ళాను. ముందు రోజంతా ఆవిడ మగతగానే ఉన్నారు. నన్ను చూసి కళ్ళు పెద్దవి చేశారు. నన్ను కాదు, కోటునీ సంచినీ చూశారు. "పెర్సిదా! వచ్చావా?" అన్నారు. "ఎంత ఆలస్యం చేశావే! దారిలో ఆపారా?" అన్నారు.

నేను సవేతనని చెప్పబోయాను. ఆవిడ చెయ్యి చాచారు. పట్టుకుంటే మళ్ళీ వదల్లేదు. ఆ ఒంట్లో అంత బలం ఎక్కడి నుంచి వచ్చిందో! గ్రుయా ఒకసారి హారన్ కొట్టాడు. తర్వాత లోపలికి వచ్చి చూసి, టోపీ చేత్తో పట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు. వ్యాను చప్పుడు వినిపించింది. "అది ఎవరు?" అన్నారు. "నన్ను దింపి వెళ్ళిపోతున్నాడమ్మా" అన్నాను. ఆవిణ్ణి నేను అమ్మా అనడం అదే మొదటిసారి.

అలమారలోంచి నీ పళ్ళెం తెమ్మన్నారు. తన చేత్తో నాకిచ్చారు. "దేవుడు అంగీకరించుగాక" అన్నాను, నువ్వు అనాల్సినట్టే.

ఇప్పుడు చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు, చెప్తున్నాను. అనూకా ఫోన్ అక్కడే బల్ల మీద ఉంది. నీకు చెయ్యొచ్చు. నీ గొంతు వినిపించొచ్చు. రెండుసార్లు చేతిలోకి తీసుకున్నాను. నీ గొంతు ఫోన్లో వింటే నువ్వు రాలేదని ఆవిడకి తెలిసిపోతుంది. చెయ్యలేదు. ఆ మాటలు నీవి, నేను తీసేసుకున్నాను. నువ్వు తిడితే పడతాను. కానీ వదినా, అత్తయ్యకి తెలిసినంతవరకు నువ్వు వచ్చావు. సాయంత్రం దాకా పక్కనే కూర్చున్నావు. వెళ్ళిపోతున్నప్పుడు ఆవిడ నీ చెయ్యే పట్టుకుని ఉన్నారు.

సవేతా


లింజ్ దగ్గర, 4 జూన్

సవేతా,

నాదొక ఉత్తరం ఈపాటికి వచ్చి ఉంటుంది, ఇరవై ఐదున రాసింది. ఇంకా విప్పకపోతే పొయ్యిలో పడెయ్. విప్పి ఉంటే, అది రాసిన దానికి అప్పటికి ఏమీ తెలియదు. నీ కాళ్ళు పట్టుకోవాలంటే కూడా మధ్యలో హంగరీ అడ్డం.

నీ ఉత్తరం హెర్మీన్ గారి మంచం పక్కన కూర్చుని చదివాను. ఆవిడ తన దుప్పటి సగం నా మీదకి జరిపింది. సాయంత్రం దాకా ఇద్దరం ఏమీ తినలేదు.

ఫోన్ ఎందుకు చెయ్యలేదని నిన్న రోజంతా నీతో పోట్లాడాను, ఇక్కడ, వంటింట్లో, పైకే. రాత్రికి పోట్లాట అయిపోయింది. నువ్వు చేసుంటే అమ్మ నా ఏడుపు విని, నేను దూరంలో ఉన్నానని తెలుసుకుని పోయేది. అది నాకు ఇంకా కష్టంగా ఉండేది. అయినా ఒక్క మాట, ఒకే ఒక్క మాట నా గొంతుతో వెళ్ళుంటే బాగుండేదని అనిపిస్తూనే ఉంది. ఈ రెండూ నాలో ఉంటాయి, నువ్వు ఓర్చుకో.

వంతు ఎప్పుడు మారుతుందో ఎవరూ చెప్పడం లేదు. పిల్లకి జడ గట్టిగా వెయ్యి, నువ్వు వదులుగా వేస్తావు.

పొద్దున్నుంచి సాయంత్రం దాకా అమ్మ పక్కన నేనే కూర్చున్నానన్నావు కదా. అంతసేపు ఊరికే కూర్చుని ఉండను నేను, నా సంగతి నీకు తెలుసు. ఏమేం అడిగింది, నేనేం చెప్పాను? ఒక్క మాట కూడా వదలకుండా రాయి సవేతా. నేను అమ్మతో ఏం మాట్లాడానో నాకు తెలియాలి.

పెర్సిదా